కంచె దగ్గర చెవి

బహిరంగ మైదానంలో పాట కచేరీ పెట్టాలన్నా, గుడి ముందు పందిరి వేసి భజన మైకులో వినిపించాలన్నా, కాలేజీ గ్రౌండులో ఆర్కెస్ట్రా దింపాలన్నా మన దేశంలో ముందు చూడాల్సిన కాగితం ఒకటుంది. దాని పేరు శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నియమాలు, 2000. ఆ ఏడాది ఫిబ్రవరి 14న కేంద్ర ప్రభుత్వం దాన్ని గెజిట్‌లో వేసింది. ఉన్నవి ఎనిమిది నియమాలు, తర్వాత మధ్యలో చేర్చిన 5ఏ, చివర నాలుగు వరుసల పట్టిక. తీరిగ్గా చదివినా అరగంట పట్టదు. స్టేషన్లో ఎస్సైకి, మైకుసెట్టు కుర్రాడికి, పర్మిషన్ కోసం తిరిగే ఉత్సవ కమిటీ పెద్దకు అందులోంచి గుర్తుండేది ఒక్క ముక్క: రాత్రి పదింటికి ఆపెయ్యాలి. అసలు పనితనం మిగతా ముక్కల్లో ఉంది. ఖమ్మం దాటి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం అడవి అంచుకు వెళ్లి, అక్కడి నేల మీద ఈ కాగితం పరిచి చూస్తే ఎంత ముందుచూపుతో రాశారో తెలుస్తుంది. ఎక్కడ వదులుగా వదిలేశారో కూడా తెలుస్తుంది.

ఈ నియమాలకు దేశమంతటా బరువు తెచ్చింది 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. చుట్టుపక్కల హోరెత్తుతున్న మైకు పాటల్లో పదమూడేళ్ల బాలిక కేకలు ఎవరికీ వినపడలేదన్న వార్త చదివి ఒక ఇంజనీరు 1998లో వేసిన పిటిషన్ అది. ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లహోటీ, జస్టిస్ అశోక్ భాన్ ఆ తీర్పులో తేల్చిన విషయం సూటిగా ఉంటుంది. మాట్లాడే హక్కు మనిషికి ఉంది, కానీ వినడం ఇష్టం లేనివాడి చెవిలోకి దాన్ని బలవంతంగా దూర్చే హక్కు లేదు. వినే హక్కుతో పాటు వినకుండా ఉండే హక్కూ ఉందన్న ఈ ఆలోచన మీదే మొత్తం కూర్పు నిలబడింది.

ముందు పట్టిక చూద్దాం. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75 డెసిబెల్స్, రాత్రి 70. వాణిజ్య ప్రాంతంలో 65, 55. నివాస ప్రాంతంలో 55, 45. నిశ్శబ్ద మండలంలో 50, 40. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా పగలు, మిగతాది రాత్రి. ఇక్కడ డెసిబెల్ అంటే క్షణకాలపు అరుపు లెక్క కాదు. మనిషి చెవికి దగ్గరగా సర్దిన ‘ఏ’ స్కేలు మీద, కొంత సమయం పాటు కొలిచి తీసిన సగటు. అందుకే కచేరీలో ఒక్కసారి తాళాలు ఖణేల్‌మన్నంత మాత్రాన నిర్వాహకుడు దోషి కాడు. అదే పనిగా హోరు పెడితేనే దొరుకుతాడు.

ఈ నాలుగు వరుసలూ ఒకేచోట కనిపించే ఊరు భద్రాచలం. గోదావరి ఆవలి గట్టున సారపాకలో ఐటీసీ కాగితం మిల్లు. వంతెన దాటి ఇటు వస్తే బస్టాండు, లాడ్జీలు, కొబ్బరికాయల దుకాణాలు. వాటి వెనక సందుల్లో ఇళ్లు. ఏరియా ఆసుపత్రి, కోర్టు, బడులు కూడా ఈ చిన్న ఊళ్లోనే. ఆసుపత్రి, విద్యాసంస్థ, న్యాయస్థానం చుట్టూ కనీసం వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని నియమం చెబుతుంది. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తే తప్ప అది నిశ్శబ్ద మండలం కాదని 2017లో సవరణ కూడా తెచ్చారు. ప్రకటించాక మాత్రం కట్టడి గట్టిది. అక్కడ పాట పెట్టినా, డప్పు కొట్టినా, బూర ఊదినా, జనాన్ని పోగుచేసే ప్రదర్శన పెట్టినా తప్పే. ప్రణాళికలు వేసేటప్పుడు స్థానిక సంస్థలు శబ్దం సంగతి కూడా చూసుకోవాలని మూడో నియమం చెబుతుంది. మైదానం ఎక్కడ ఉండాలి, ఆసుపత్రికి ఎంత దూరంలో ఉండాలి అన్నవి పంచాయతీ చేతిలో ఉన్న నిర్ణయాలు. గొడవల్లో సగం అక్కడే తీరిపోవచ్చు.

ఇక ఈ నియమాల్లో అన్నిటికంటే తెలివైన వాక్యం, ఐదో నియమం నాలుగో ఉపనియమం. బహిరంగ స్థలంలో మైకు పెట్టినప్పుడు శబ్దాన్ని ఆ స్థలం సరిహద్దు దగ్గర కొలవాలి. అక్కడ అది ఆ ప్రాంతానికి ఉన్న ప్రమాణం కంటే పది డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు, లేదా 75 దాటకూడదు. రెండింటిలో ఏది తక్కువైతే అది. ఇళ్ల మధ్య మైదానమైతే పగలు 65, బజారులో అయితే 75. మిల్లు పక్కన 75కు పది కలిపితే 85 వస్తుంది గానీ, ‘ఏది తక్కువైతే అది’ అన్న ముక్క దాన్ని మళ్లీ 75 దగ్గరే ఆపేస్తుంది. స్పీకరు ఎన్ని వాట్లది, పెట్టెలు ఎన్ని, ఏ కంపెనీవి అన్న ప్రశ్నలేవీ నియమం అడగదు. పందిట్లో ఎంత హోరు ఉందో కూడా అడగదు. అక్కడికి వెళ్లినవాళ్లు వినడానికే వెళ్లారు కదా. వద్దనుకున్నవాడి ఇంటి వైపు ఆ శబ్దం దాటే గీత దగ్గర మాత్రమే నియమం చెవి పెట్టి వింటుంది. కొలత ఎక్కడ వెయ్యాలో తేల్చుకోవడంలోనే ఇది రాసినవారి నేర్పు ఉంది.

దీనివల్ల మైకుసెట్టు నడిపేవాడి చేతికి పని దొరుకుతుంది. ఆరుబయట ఒక చోటి నుంచి వచ్చే శబ్దం, దూరం రెట్టింపు అయినప్పుడల్లా సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. పెట్టె ముందు మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఉంటే, ఇళ్ల దగ్గరి పరిమితి 65కు దిగడానికి దాదాపు 56 మీటర్లు కావాలి. అదే డీజే పెట్టె 120 కొడితే 560 మీటర్లు కావాలి. అంత మైదానం భద్రాచలంలో ఎక్కడుంది? కాబట్టి పనితెలిసినవాడు వేదిక మీద పెద్ద పెట్టెలు పేర్చి అందరి మీదికి వదలడు. చిన్న స్పీకర్లు తెచ్చి జనం మధ్య దూరదూరంగా స్తంభాలకు కడతాడు. వాటి మూతి కంచె వైపు కాకుండా లోపలికి, కిందికి తిప్పుతాడు. వేదిక నుంచి 34 మీటర్ల దూరంలో ఉన్న స్పీకరుకు సెకనులో పదోవంతు ఆలస్యం పెడతాడు. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు నడుస్తుంది కాబట్టి, ఆ ఆలస్యం పెట్టకపోతే వెనక కూర్చున్నవాళ్లకు ఒకే పాట రెండుసార్లు వినపడుతుంది. ఇలా చేస్తే చివరి వరుసలో ఉన్న ముసలమ్మకు ప్రతి మాటా తెలుస్తుంది, కంచె అవతల పిల్లాడి నిద్రా చెడదు. శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణం జరిగే మిథిలా ప్రాంగణంలో జనాన్ని సెక్టార్లుగా విడదీసి కూర్చోబెట్టే పద్ధతికి కూడా ఇలాంటి అమరికే సరిపోతుంది.

ఇప్పుడు పదింటి గీత. రాత్రిపూట నేల ముందు చల్లబడుతుంది, నది మీది గాలి కూడా చల్లబడుతుంది. పైన వెచ్చటి గాలి, కింద చల్లటి గాలి ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం నడుస్తుంది. పగలు ఊరి చివర ఆగిపోయే పాట రాత్రి గోదావరి అవతలికి కూడా వినిపించేది అందుకే. పైగా రాత్రి చుట్టూ ఉండే ఇతర చప్పుళ్లు తగ్గిపోతాయి. నివాస, వాణిజ్య ప్రాంతాల్లో రాత్రి ప్రమాణం పగటి కంటే సరిగ్గా పది డెసిబెల్స్ తక్కువ పెట్టడంలో ఈ భౌతికశాస్త్రం కలిసొచ్చింది.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకుగానీ వాయిద్యంగానీ వాడకూడదు. దీనికి రెండు మినహాయింపులు ఇచ్చారు. మొదటిది, తలుపులు మూసిన హాలు లోపల, లోపలివాళ్ల కోసం వాడుకోవచ్చు. ఖమ్మంలో దీని తేడా కళ్లకు కడుతుంది. పెవిలియన్ గ్రౌండులో పదింటికి ఆగాల్సిన కార్యక్రమం, భక్త రామదాసు కళాక్షేత్రం లోపలైతే సాగవచ్చు. రెండోది, ప్రజలకు ఆపద వచ్చినప్పుడు. ఈ రెండో మినహాయింపు విలువ భద్రాచలానికి తెలిసినంత మరో ఊరికి తెలియదు. ఇక్కడ గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటి రాత్రి లోతట్టు కాలనీల్లో మైకు మోగకపోతేనే తప్పు. ‘ప్రజా అత్యవసర పరిస్థితి’ అన్న రెండు మూడు మాటలతో నియమం ఆ దారి తెరిచి పెట్టింది.

పండగలకు వేరే ఏర్పాటు. ఏడాదికి మొత్తం పదిహేను రోజులకు మించకుండా, సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు రాత్రి పది నుంచి పన్నెండు దాకా ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు. మంచి దర్జీ కుట్టు లోపల కొంచెం గుడ్డ మిగిల్చినట్టు, నియమం బిగుసుకుపోకుండా ఈ వెసులుబాటు ఉంచారు. అయితే దాన్ని విచ్చలవిడిగా వదల్లేదు. 2010 సవరణ రెండు పనులు చేసింది. ఈ అనుమతి ఇచ్చే అధికారాన్ని జిల్లా యంత్రాంగానికి కూడా అప్పగించే వీలు కల్పించింది. ఏయే రోజులో సాధారణంగా ముందుగానే ప్రకటించాలంది. మరో సంగతి చాలామంది గమనించరు. ఆ రెండు గంటల్లో కూడా కంచె దగ్గరి కొలత అమల్లోనే ఉంటుంది. రాత్రి కాబట్టి ఇళ్ల దగ్గరి ప్రమాణం 45, దానికి పది కలిపితే 55. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే స్థాయి కూడా దాటదు. పాట సాగవచ్చు, హోరు కుదరదు.

భద్రాచలం పంచాంగం ఈ గీతకు చాలావరకు ఒదుగుతుంది. సీతారాముల కల్యాణం మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో. రామదాసు జయంతికి జరిగే వాగ్గేయకారోత్సవాల్లో కర్ణాటక సంగీత విద్వాంసుడు నేదునూరి కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన నవరత్న కీర్తనల గోష్ఠిగానం పగటి పనే. ముక్కోటికి ముందు రోజు గోదావరిలో హంసవాహనం మీద తెప్పోత్సవం సాయంత్రం. ఊరుకు పేరు తెచ్చిన సంగీతానికి పదింటి గీతతో పేచీ లేదు. ఉషశ్రీ గొంతులో ఆకాశవాణి కల్యాణ వ్యాఖ్యానం విన్న తరానికి ఇంకో విషయం గుర్తుంటుంది. ఆ గొంతు తెలుగునాడంతా చేరింది, అయినా ఎవరి నిద్రనూ చెడగొట్టలేదు. ఎందుకంటే రేడియో పెంచే, తగ్గించే మీట వినేవాడి చేతిలోనే ఉండేది.

అనుమతి ఎవరివ్వాలన్న దానిలోనూ జాగ్రత్త ఉంది. కలెక్టరు, పోలీసు కమిషనరు, లేదా డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి. ఖమ్మంలో కమిషనరేట్ ఉంది, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఎస్పీ ఉంటారు. రెండు పద్ధతులకూ ఈ నిర్వచనం సరిపోతుంది. అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఏడో నియమం ప్రకారం శబ్దం ప్రమాణం కంటే పది డెసిబెల్స్ లేదా అంతకు మించి ఎక్కువైనప్పుడు, లేదా రాత్రి నిబంధన ఉల్లంఘిస్తే, ఎవరైనా ఫిర్యాదు చెయ్యవచ్చు. కంచె దగ్గర ఇచ్చిన సందు పది, ఫిర్యాదుకు పెట్టిన గడప పది. సరిగ్గా పది దగ్గర తప్ప, ఒకచోట సరేనన్నదాన్ని మరోచోట నేరం చెయ్యకుండా రెండు నియమాల్లోనూ ఒకే అంకె వాడారు. ఎనిమిదో నియమం కింద గాత్రాన్ని గానీ వాయిద్యాన్ని గానీ ఆపించే ఉత్తర్వు కూడా రాతలోనే రావాలి. అన్యాయం జరిగిందనుకున్నవారు దాన్ని మార్చమని అడగవచ్చు, వచ్చి తమ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, కాదంటే కారణం రాయాలి. వేదిక మీదికి లాఠీ పంపే ముందు కాగితం పంపమంటుంది ఈ నియమం.

భద్రాచలంలో ఈ కాగితానికి ఇంకో పరీక్ష ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చినప్పుడు పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పక్కనున్న ఎటపాక అటు వెళ్లింది. ఇక్కడ మోగిన మైకు అక్కడ వినపడుతుంది, అక్కడి డీజే ఇక్కడికి వస్తుంది. అనుమతి ఇచ్చే అధికారి ఒక్కో పక్క ఒక్కొక్కరు. అయినా ఇది కేంద్ర నియమం కాబట్టి రెండు పక్కలా పట్టిక ఒకటే, గంట ఒకటే. ఫిర్యాదు ఏ స్టేషన్‌కు వెళ్లినా తూకం మారదు.

ఇంకొక గుణం గురించి చెప్పాలి. ఈ నియమాలు పాటలోని మాటలను చదవవు. 2024 నవంబరులో హైదరాబాద్‌లో పంజాబీ గాయకుడు దిల్జిత్ దొసాంజ్ కచేరీకి ముందు, మద్యం, మత్తుమందులు, హింసను పొగిడే పాటలు పాడొద్దని, పిల్లల్ని వేదిక ఎక్కించొద్దని రంగారెడ్డి జిల్లా సంక్షేమ అధికారి నోటీసు ఇచ్చారు. గాయకుడు కొన్ని మాటలు మార్చి పాడాడు. పిల్లల సంగతి పక్కన పెడితే, ఏ మాట పాడాలో అధికారి చెప్పడం మొదలైతే దానికి అంతెక్కడో తెలియదు. శబ్ద నియమాలు ఆ జోలికి పోవు. రామదాసు కీర్తనకు, సినిమా పాటకు, రేల పాటకు, ఎర్రజెండా సభలో గళమెత్తే పాటకు ఒకటే కొలబద్ద. ఖమ్మం లాంటి రాజకీయ చైతన్యం ఉన్న జిల్లాలో ఈ నిష్పాక్షికత చిన్న విషయం కాదు.

మెచ్చుకున్నాం కాబట్టి లోపాలు దాచనక్కర్లేదు. మొదటిది ‘ఏ’ స్కేలు. మనిషి చెవి మంద్ర శబ్దాన్ని తక్కువగా వింటుందని, 63 హెర్ట్‌జ్ దగ్గర ఆ స్కేలు దాదాపు 26 డెసిబెల్స్ తగ్గించి లెక్కిస్తుంది. డీజే బండి కొట్టే దరువు ఎక్కువగా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. కిటికీ అద్దాలు, గుండెలు అదురుతుంటే మీటరు మాత్రం పెద్ద అంకె చూపించదు. 2024 అక్టోబరు ఆరంభంలో హైదరాబాద్ పోలీసు కమిషనరు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను మొత్తంగా నిషేధించాల్సి వచ్చింది. కొలతతో పట్టుకోలేనిదాన్ని నిషేధంతో పట్టుకోవడం మోటు పని. కానీ కొలత వదిలేసిన ఖాళీ అలాంటిది.

రెండోది తెల్లవారుజాము. పదిహేను రోజుల వెసులుబాటు రాత్రి పది నుంచి పన్నెండు దాకానే. మన పండగలు చాలా వేకువవి. ముక్కోటి నాడు ఉత్తర ద్వారం తెరుచుకునేది తెల్లవారుజామున, అంటే నియమం లెక్కలో ఇంకా రాత్రే. పడుకునే వేళ వైపు సందు పెట్టినవారు లేచే వేళ వైపు పెట్టలేదు.

మూడోది అడవి. పట్టికలో మిల్లుకు వరుస ఉంది, బజారుకు ఉంది, అడవికి లేదు. కిన్నెరసాని అభయారణ్యం పక్క ఊరు ఏ వరుసలోకి వస్తుంది? ఇళ్లున్నాయి కాబట్టి నివాస ప్రాంతం అనుకుంటే పగలు కంచె దగ్గర 65 దాకా సరే. ఆ కంచె అవతల దుప్పి, కణితి, అడవిదున్న ఉన్నాయి. మనిషి చెవికి కుట్టిన స్కేలు వాటి చెవికి సరిపోదు.

నాలుగోది అన్నిటికంటే సున్నితమైనది. 2010 సవరణతో రాత్రి నిషేధం మైకుకే కాకుండా ఏ వాయిద్యానికైనా వర్తిస్తుంది. అక్షరాలా చదివితే కోయగూడెంలో రాత్రి మోగే డోలు కూడా ఇందులోకే వస్తుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ కోయల వంశగాథలు, సమ్మక్క సారలమ్మల కథ గానం చేసినందుకే 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన కన్నుమూశారు. ఆ విద్యకు వేదిక ఆరుబయలు, సమయం ఎక్కువగా రాత్రి. వినేది గూడెమంతా, వద్దనేవారు అక్కడ ఉండరు. వినడం ఇష్టం లేనివాణ్ణి కాపాడటానికి పుట్టిన నియమం అలాంటివాడు లేని చోట ఎవరిని కాపాడుతుంది?

దీనికి జవాబు ఇంకో చట్టంలో ఉంది. భద్రాచలం ఏజెన్సీ రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ పాలనను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షన్‌లోని ‘డి’ క్లాజు ప్రకారం తమ ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉంది. శబ్ద నియమాల్లోని పదిహేను రోజుల జాబితాను, పెసాలోని ఈ అధికారాన్ని పక్కపక్కన పెట్టి చదివితే దారి కనిపిస్తుంది. జాబితా ముందుగా ప్రకటించాలని నియమమే చెబుతోంది కదా. కలెక్టరేట్‌లో కూర్చుని నవమి, నిమజ్జనం మాత్రమే రాసుకుంటే జాబితా మైదాన ప్రాంతానిదవుతుంది. ఏజెన్సీ మండలాల గ్రామసభలు ఏడాది మొదట్లోనే తీర్మానం చేసి, విత్తనాలకు ముందు వచ్చే భూమి పండుగను, తమ కొలుపుల రాత్రులను పేర్లతో సహా రాసి పంపితే, వాటికి చోటిచ్చే అధికారం జిల్లా యంత్రాంగానికి అప్పగించే వీలుంది. ఇందుకు కొత్త చట్టం కావాల్సిన పని లేదు, ఒక తీర్మానం, దాన్ని పట్టించుకునే ఒక అధికారి చాలు. నియమం రాసినవారు చెయ్యగలిగింది చేసి పెట్టారు. ఏయే రోజులన్న ఖాళీని నింపాల్సింది స్థానికులు. ఆ ఖాళీ నింపే కలం గూడెం దాకా రానంత కాలం పదింటి గీత అక్కడ పట్నంవాడు గీసిన గీతగానే మిగిలిపోతుంది.